కాఫీ తాగితే పిల్లలు పొడుగు పెరగరా?

పెరుగుతారు, కాఫీ వల్ల ఎత్తు ఆగిపోతుందని ఇంతవరకూ ఏ పరిశోధనలోనూ తేలలేదు. ఎత్తును ఎక్కువగా నిర్ణయించేది అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువులు, ఆ తర్వాత తిండి, ఆరోగ్యం. ఎముకల చివర ఉండే మెత్తటి పొరలు యుక్తవయసు ముగిసేసరికి గట్టిపడి ఎదుగుదల ఆగుతుంది. ఆ పని హార్మోన్లది, కాఫీలో నిద్ర రాకుండా చేసే పదార్థమైన కెఫీన్‌ది కాదు.

మరి ఈ భయం ఎందుకు? కెఫీన్ వల్ల కాల్షియం కొద్దిగా మూత్రంలో పోతుంది, దాంతో ఎముకలు గుల్లబారతాయని చాలామంది అనుకుంటారు. ఒక కప్పుతో పోయేది రెండు మూడు చెంచాల పాలతో భర్తీ అవుతుంది. మన ఫిల్టర్ కాఫీలో డికాక్షన్ కన్నా పాలే ఎక్కువ కదా!

అసలు జాగ్రత్త పడాల్సింది నిద్ర విషయంలో. తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే అబ్బాయి, పరీక్షల టెన్షన్‌తో రాత్రి పదింటికి గ్లాసు నిండా స్ట్రాంగ్ కాఫీ తాగాడనుకోండి. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, అంటే తెల్లవారుజామున మూడైనా సగం మిగిలే ఉంటుంది. గాఢనిద్ర చెడి, పొద్దున క్లాసులో కళ్లు మూతలు పడతాయి. అందుకే 12 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 100 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదని, అంతకన్నా చిన్నపిల్లలకు అసలు వద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. టీ, కూల్ డ్రింకులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.