హామ్‌ట్రామిక్ గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికాలో డెట్రాయిట్ నగరం నడుమ ఉన్న హామ్‌ట్రామిక్ లాంటి చిన్న ఊరి మీద, అందులోనూ ఆ ఊరి జనం మీద, తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు ఎంతో సంతోషం కలిగించింది. డెట్రాయిట్ చుట్టుపక్కల ఇంతమంది తెలుగువాళ్ళం స్థిరపడ్డాం. కార్ల కంపెనీల పుణ్యమా అని మనలో చాలామంది ఆ ఊరి అంచుల మీదుగానే ఉద్యోగాలకు వెళ్ళి వస్తుంటారు. అయినా దాని గురించి మన భాషలో నేను చదివింది బహు తక్కువ. అందుకే నీ వ్యాసంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయి, దాని గురించే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

"2010 జనగణన ప్రకారం ఊళ్ళో సగానికి పైగా తెల్లవారు, అయిదో వంతు ఆసియావారు, ఇంచుమించు అయిదో వంతు నల్లవారు" అని రాశావు. అంకెల్లో తప్పు లేదు. అయితే గుంటూరులో కూర్చుని ఈ వాక్యం చదివే మనిషి కళ్ళ ముందు ఏ బొమ్మ కదులుతుందో ఆలోచించు. తరతరాలుగా ఇంగ్లీషు మాట్లాడే తెల్లదొరల ఊరు కదులుతుంది. నిజానికి ఆ "తెల్లవారు" అనే గడిలో పోలండ్ నుంచి వచ్చిన కూలీల మనవలూ, 1990లలో యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన బోస్నియా ముస్లింలూ, అల్బేనియన్లూ, ఉక్రేనియన్లూ, వాళ్ళతో పాటే యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులూ ఉన్నారు. యూరప్, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా మూలాలున్న వారందరూ తెల్లవారేనని అమెరికా ప్రభుత్వ నిర్వచనం చెబుతూ వచ్చింది. మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికావారికి వేరే గడి ఉండాలన్న నిర్ణయం 2024 మార్చిలో గాని రాలేదు. అంటే నువ్వు చూసిన పట్టిక ఊరి జనాన్ని గురించి ఎంత చెబుతుందో, ఆ జనాన్ని అడిగిన ప్రశ్న గురించి కూడా అంతే చెబుతుంది. ప్రశ్న ఏమిటో తెలుసుకోకుండా జవాబును వాక్యంలో పెట్టకూడదు.

ఈ పొరపాటు నేనూ చేశాను. చాలా ఏళ్ళ క్రితం ఒక పత్రికకు ఇదే ఊరి మీద చిన్న వ్యాసం రాస్తూ, అంకెలను అలాగే దించేసి, "ప్రధానంగా శ్వేతజాతీయుల పట్టణం" అన్నాను. అది అచ్చయ్యాక ఒక యెమెనీ మిత్రుడికి చదివి అర్థం చెప్పాను. అతను కోపగించుకోలేదు. "మా అమ్మ ఆ ఊళ్ళో ఉందని మీ వ్యాసం చదివినవాళ్ళకు తెలియదు కదా" అన్నాడు, అంతే. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఈ గడుల చరిత్ర మనకు పరాయిదేమీ కాదు. 1930, 1940 జనగణనల్లో భారతదేశం నుంచి వచ్చినవారిని "హిందూ" అనే రేస్ కింద రాసుకున్నారు. వారిలో సిక్కులున్నా, ముస్లింలున్నా అదే మాట. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే సిక్కు వలసదారు పౌరసత్వం కేసులో అమెరికా సుప్రీం కోర్టు భారతీయులు తెల్లవారు కారు, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారు అంది. 1970 జనగణన మాత్రం మనవాళ్ళను తెల్లవారిలోనే కలిపి లెక్కపెట్టింది. 1980కి "ఏషియన్ ఇండియన్" గడి వచ్చింది. మనిషి అతనే, ఒంటి రంగు అదే, మారినవి కాగితం మీది గడులు. పూర్వం జనాన్ని లెక్కపెట్టడానికి ఇంటికి వచ్చిన ఎన్యూమరేటరు మనిషిని చూసి రేస్ తానే నిర్ణయించేవాడని, 1960 నుంచి గాని ఎవరికి వారు రాసుకునే పద్ధతి మొదలు కాలేదని కూడా గుర్తుపెట్టుకో. పాత అంకెనూ కొత్త అంకెనూ పక్కపక్కన పెట్టి "పెరిగారు, తగ్గారు" అనే ముందు ఇది చూసుకోవాలి.

ఇక అంకెల వెనక ఉన్న కారణాలు. నీ వ్యాసంలో వీటికి ఒక్క పేరాయే ఇచ్చావు. నా మటుకు సగం వ్యాసం ఇవ్వాలనిపిస్తుంది. 1910లో ఈ ఊరి జనాభా 3,559. 1920 నాటికి 48,615. పదేళ్ళలో పదమూడు రెట్లకు పైగా పెరిగిందంటే దానికి ఒకటే కారణం, డాడ్జ్ సోదరులు అక్కడ కట్టిన కార్ల ఫ్యాక్టరీ. పనికోసం పోలండ్ పల్లెల నుంచి వచ్చినవారు ఫ్యాక్టరీకి నడిచిపోయే దూరంలో ఇరుకిరుకు ఇళ్ళు కట్టుకున్నారు. 1930లో 56,268 మంది, అదీ సుమారు 5.4 చదరపు కిలోమీటర్లలో, నాలుగు వైపులా దాదాపు డెట్రాయిట్ నగరమే చుట్టుముట్టిన జాగాలో! తర్వాత పోలిష్ కుటుంబాల పిల్లలు ఉత్తరాన శివార్లకు తరలిపోయారు, 1980 మొదట్లో ఫ్యాక్టరీ మూతపడింది, 1990కి జనాభా 18,372కి దిగిపోయింది. ఖాళీ అయిన ఆ చవక ఇళ్ళలోకే బంగ్లాదేశీయులు, ముఖ్యంగా సిల్హెట్ ప్రాంతంవారు, చాలామంది న్యూయార్క్ అద్దెలు భరించలేక వచ్చారు. యెమెనీలు పెరిగారు. 2020లో లెక్క 28,433. ఇళ్ళు అవే. వాటి మెట్ల మీద కూర్చునే మనుషులు మారారు.

నల్లవారి శాతం గురించి మరీ జాగ్రత్తగా రాయి. అది తనంతట తాను ఏర్పడిన అంకె కాదు. పట్టణ పునర్నిర్మాణం పేరుతో ఈ ఊరి పాలకులు ఆఫ్రికన్ అమెరికన్ల ఇళ్ళను కావాలనే తొలగించి వారిని వెళ్ళగొట్టారని 1971లో ఫెడరల్ న్యాయమూర్తి డేమన్ కీత్ తీర్పు చెప్పారు. వెళ్ళిపోయిన కుటుంబాలకు బదులు ఇళ్ళు కట్టి ఇవ్వడం దశాబ్దాల పాటు సాగింది. ఎదురుచూస్తూ పోయినవారూ ఉన్నారు. ఈ సంగతి లేకుండా ఆ అంకెను మాత్రమే ఇస్తే, అన్యాయాన్ని మనం కూడా చెరిపేసినట్టే అవుతుంది. అలాగే 1999 ఎన్నికల రోజున గోధుమరంగు మనుషులనూ, అరబ్బు పేర్లున్నవారినీ పోలింగ్ కేంద్రంలో నిలదీసి, పౌరులమని ప్రమాణం చేయించిన ఘటన కూడా నీ వ్యాసంలో ఉండాలి. ఆ తర్వాత కేంద్ర న్యాయశాఖ జోక్యం చేసుకుంది. అలాంటి ఊళ్ళోనే, దాదాపు నూరేళ్ళు పోలిష్ మూలాలవారే మేయర్లుగా ఉన్నాక, 2021లో యెమెన్‌లో పుట్టిన ఆమెర్ గాలిబ్ గెలిచారు, కౌన్సిలు సభ్యులందరూ ముస్లింలే అయ్యారు. పత్రికలు దీన్నే పతాకశీర్షిక చేశాయి. నువ్వు 1999 నుంచి మొదలుపెడితే పాఠకుడికి దాని బరువు తెలుస్తుంది.

గడి ఎంత పని చేస్తుందో చూపడానికి ఇంకొక ఉదాహరణ ఇస్తాను. నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. ఓటు హక్కు చట్టం ప్రకారం ఇంగ్లీషు సరిగ్గా రానివారు తగినంత మంది ఉన్నచోట బ్యాలెట్ వారి భాషలోనూ ఇవ్వాలి. 2011లో హామ్‌ట్రామిక్‌కు బెంగాలీ విషయంలో ఆ బాధ్యత పడింది. అరబీకి పడలేదు. ఎందుకంటే ఆ చట్టం ఆసియా, స్పానిష్, అమెరికా ఆదివాసీ భాషల వారినే భాషా అల్పసంఖ్యాకులుగా గుర్తిస్తుంది, అరబ్బులు లెక్కల్లో తెల్లవారు. పక్కపక్క ఇళ్ళలో ఉన్న ఇద్దరు ముసలమ్మల్లో ఒకరికి తన భాషలో బ్యాలెట్ ఇవ్వాలని చట్టం శాసిస్తుంది, రెండో ఆమె గురించి ఏమీ చెప్పదు.

మాటల గురించి. మనకు "జాతి" ఒక్కటే మాట. దేశమూ అదే, రేసూ అదే, మామిడిపండు రకమూ అదే. "పోలిష్ జాతి", "నల్లజాతి", "బంగ్లా జాతి" అని ఒకే పేరాలో రాశావు. మూడుచోట్లా మూడు అర్థాలు. రేస్ అనవలసినచోట రేస్ అనే రాయి, పాఠకులకు ఆ మాట తెలుసు. మిగతాచోట్ల "పోలిష్ మూలాలవారు", "బంగ్లాదేశ్ నుంచి వచ్చినవారు" అని ఎక్కడి నుంచి వచ్చారో చెప్పు చాలు. మనిషిని గురించి చెప్పేటప్పుడు "ఆఫ్రికన్ అమెరికన్" అని రాయి. ఇళ్ళల్లో మనవాళ్ళు అలవాటుగా వాడే "నల్లోళ్ళు", "తురకలు" వంటివి ఎవరి నోటి మాటగానో ఉటంకిస్తే తప్ప నీ వాక్యంలోకి రానివ్వకు.

చివరికి ఊరికి ఒకసారి వెళ్ళి రావలసిందే. కొనాంట్ వీధిలో బెంగాలీ అక్షరాల బోర్డులున్న కిరాణా కొట్టు ఒకటి నాకు అలవాటు. గోదావరి జిల్లా వాడిని కాబట్టి అక్కడికి వెళ్ళేది ఇలిష్ కోసం. మన పులస కూడా ఆ జాతి చేపే, గోదావరికి ఎదురీది ఆ పేరు తెచ్చుకుంది. మంచుగడ్డలా బిగుసుకున్న చేపను కొట్టతను కరెంటు రంపం కింద పెట్టి ముక్కలు కోస్తుంటే తెల్లటి పొడి రాలుతుంది. గుడ్డు ఉందా లేదా అని పొట్ట దగ్గర వేలితో నొక్కి చూపిస్తాడు. కౌంటరు దగ్గర యెమెనీ కుర్రాడు, ఆఫ్రికన్ అమెరికన్ పెద్దావిడ, నేను, ఒకే వరుసలో నిలబడి ఉంటాం. ఈస్టరుకు ముందు ఉపవాసాలు మొదలయ్యే రోజుకు ముందటి మంగళవారం వెళ్తే, పోలిష్ బేకరీల ముందు చలిలో తెల్లవారకముందే పొంచ్‌కి అనే తీపి బూరెల కోసం బారులు కనిపిస్తాయి. ఆ బారుల్లో ఎక్కువమంది ఊరు వదిలి శివార్లకు వెళ్ళిపోయినవారే. జనగణన వాళ్ళను వేరే ఊళ్ళో లెక్కపెడుతుంది.

వచ్చే శనివారం పొద్దున నేను చేపకోసం వెళ్తున్నాను. వీలైతే రా. కాగితం, కలం తెచ్చుకో, వ్యాసం ఇంట్లోనే ఉంచు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న వరస