కలిసిన ప్రతిసారీ మూడు రోజులు ఫ్లూ వచ్చినట్టు ఉంటోంది.. ఎందుకిలా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పెళ్లై ఏడాదిన్నర. భార్యతో కలిసిన అరగంటకే ముక్కు దిబ్బడ, కళ్ల మంటలు, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. జ్వరంగా ఉన్నట్టే ఉంటుంది కానీ థర్మామీటర్‌లో కనిపించదు. మూడు రోజులపాటు ఆఫీసులో చిన్న మెయిల్ రాయాలన్నా మాటలు తోచవు. తర్వాత దానంతటదే తగ్గిపోతుంది. నిద్రలో స్ఖలనమైనా ఇంతే. నరాల బలహీనతని ఒకరు, అంతా భ్రమేనని ఇంకొకరు అంటున్నారు. తనంటే ఇష్టం లేదేమోనని నా భార్య బాధపడుతోంది.
- ఒక పాఠకుడు

సమాధానం: నిద్రలో స్ఖలనమైనా ఇంతేనన్నారు చూశారా, అది కీలకం. మీ ఆవిడ మీద అయిష్టమో, పడకగది టెన్షనో దీనికి కారణం కాదన్నమాట. ఈ సంగతి ముందు ఆమెకు చెప్పండి.

మీ లక్షణాలు పోస్ట్ ఆర్గాస్మిక్ ఇల్‌నెస్ సిండ్రోమ్ అనే అరుదైన సమస్యకు దగ్గరగా ఉన్నాయి. క్లుప్తంగా పాయిస్ అంటారు. నెదర్లాండ్స్ వైద్యులు వాల్డింగర్, ష్వైట్జర్ 2002లో దీన్ని తొలిసారి వివరించారు. స్ఖలనమైన కొన్ని సెకన్ల నుంచి కొన్ని గంటల్లోపు మొదలై, రెండు నుంచి ఏడు రోజులు వేధించి పోతుంది. డాక్టర్లలోనూ చాలామంది దీని పేరు విని ఉండరు. మీకు అలాంటి జవాబులు రావడంలో వింతేమీ లేదు.

కారణం ఇంకా తేలలేదు. సొంత వీర్యమే ఒంటికి పడక ఎలర్జీలా వస్తోందని వాల్డింగర్ బృందం భావించింది. 2011లో 33 మందికి వాళ్ల వీర్యాన్నే బాగా పలుచన చేసి చర్మంపై పరీక్షిస్తే 29 మందికి రియాక్షన్ వచ్చింది. తర్వాత వేరే పరిశోధకులు ఈ వాదనతో విభేదించారు. వీర్యం పోతే శక్తి పోతుందన్నది మాత్రం వట్టి అపోహ. గోడల మీద ప్రకటనలు చూసి, లాడ్జిల్లో క్యాంపులు పెట్టేవాళ్లకు వేలకు వేలు పోయకండి.

పాయిస్‌ను తేల్చే రక్తపరీక్ష లేదు. థైరాయిడ్, షుగర్, రక్తహీనత, డిప్రెషన్ వంటివి లేవని ముందు చూసుకోవాలి. ఒకట్రెండు నెలలు డైరీ రాయండి: ఎంతసేపటికి ఏది మొదలైంది, టెంపరేచర్ ఎంత, ఎప్పటికి తగ్గింది. దాన్ని యూరాలజిస్టుకో ఆండ్రాలజిస్టుకో చూపిస్తే పని సులువవుతుంది. అందరికీ పనిచేసే చికిత్స లేదు. కొందరికి ఎలర్జీ మాత్రలు, కొందరికి నొప్పి మాత్రలు ఉపశమనం ఇచ్చాయి. సొంతంగా మొదలుపెట్టొద్దు. ఈలోగా శని, ఆదివారాలు సెలవైతే శుక్రవారం రాత్రికి ప్లాన్ చేసుకోండి, ఆఫీసు ఇబ్బంది కొంత తగ్గుతుంది.

కలయిక సమయంలో ఒక్కసారిగా తల పగిలిపోయేంత నొప్పి, ఛాతీనొప్పి, ఆయాసం వస్తే మాత్రం ఇదీ పాయిస్సే అనుకుని పడుకోవద్దు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.