పశువైద్యుడి జవాబు: కోడెను చూశారు, తల్లిని చూశారా?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా దెగ్లూరు దగ్గరి పల్లె. ఊరి ఆబోతు దాటిన ఆవులు చాలావరకు మళ్ళీ ఎదకు వస్తున్నాయి. దాని బదులు ఒక దేవణి జాతి కోడెను ఉంచుకుందామనుకుంటున్నాం. దాని తండ్రికి మాళేగావ్ జాతరలో బహుమతి వచ్చింది. ఆస్ట్రేలియాలో మాంసం కోసం పెంచే ఆబోతుల సంతానశక్తిని జన్యువులు చూసి చెబుతారట. మా కోడెకూ ఆ పరీక్ష చేయించవచ్చా?
— ఒక రైతు

జవాబు: ముందు ఆ బహుమతిని పక్కన పెట్టండి. మాళేగావ్‌కు నేనూ పోతుంటాను. అక్కడ మూపురం చూస్తారు, నడక చూస్తారు, దేవణిలో వానెర రకమైతే ముఖం పక్కల నలుపు చూస్తారు. వెనక్కి వెళ్ళి వృషణాలకు టేపు పెట్టినవాళ్ళను మాత్రం నేను చూడలేదు.

ఆస్ట్రేలియా సంగతి నిజమే. ఉత్తరాన ఎండలు, పిడుదులు ఎక్కువ. బ్రాహ్మన్ లాంటి మూపురం జాతులే తట్టుకుంటాయి. ఆ కోడెల వృషణాల చుట్టుకొలత, వీర్యకణాల ఆకారం పరీక్షించి జన్యువులతో పోల్చి చూశారు. ఈ రెండు గుణాల మీదా ఎక్స్ క్రోమోజోమ్ ప్రభావం గట్టిగా కనిపించింది. కోడెదూడకు ఎక్స్ తల్లి నుంచే వస్తుంది, తండ్రి ఇచ్చేది వై. అంటే బహుమతి తండ్రి ఎక్స్‌లో ఎంత మంచి సరుకున్నా మీ కోడెకు రాదు, దాని అక్కచెల్లెళ్ళకు పోతుంది. మిగతా క్రోమోజోములు ఇద్దరివీ కాబట్టి తండ్రిని పూర్తిగా కొట్టిపారేయను. కానీ మీ ఉత్తరంలో తల్లి ఆవు గురించి ఒక్క ముక్క లేదు! అది ఏ వయసులో తొలిసారి ఈనింది, ఈతకూ ఈతకూ ఎడం ఎంత, కనుక్కోండి.

ఇక పరీక్ష. బ్రాహ్మన్‌లో మన ఒంగోలు రక్తమూ ఉంది. అయినా ఆ మందల మీద కట్టిన జన్యు లెక్క దేవణికి అతకదు. దానికి డబ్బు పెట్టకండి, టేపు కొనండి. చుట్టుకొలతలో కోడెకూ కోడెకూ ఉండే తేడాలో సగానికి అటూ ఇటూగా జన్యువులదే. పైగా ఆ కొలత బాగున్న ఆబోతు కూతుళ్ళు తొందరగా ఎదకు వస్తాయి. రెండేళ్ళు దాటితే కనీసం 34 సెంటీమీటర్లు ఉండాలన్నది అమెరికా పద్ధతి. మన జాతులు ఆలస్యంగా ఎదుగుతాయి, ఆ అంకె పట్టుకుని కూర్చోకండి. అదే వయసు దేవణి కోడెలను నాలుగైదింటిని కొలిచి, అందులో మేలైనదాన్ని ఎంచుకోండి. మూత్రం పోసే చోట తోలు మరీ వేలాడితే మాత్రం వద్దు. ముళ్ళకంపల్లో గీరుకుని వాస్తుంది. అదీ సంతానానికి దిగే గుణమే.

వీర్య పరీక్ష జూన్, జూలైల్లో చేయించకండి. వీర్యకణం తయారవడానికి సుమారు రెండు నెలలు, ఆపైన ముదరడానికి మరో వారం పది రోజులు పడుతుంది. మే నెల ఎండ దెబ్బ జూలైలో బయటపడుతుంది. చలికాలంలో చూస్తే కోడె అసలు సత్తా తెలుస్తుంది.

పాత ఆబోతును అమ్మే తొందర కూడా వద్దు. దాటడంతో అంటుకునే ట్రైకోమోనాస్, విబ్రియోసిస్ రోగాలు ఉన్నా ఆవులు ఇలాగే తిరిగి ఎదకొస్తాయి. అవి ఆవుల్లో మిగిలితే కొత్త కోడెకూ అంటుతాయి. ఈ రోగాలకు పరీక్ష అయ్యేదాకా ఎదకొచ్చిన ఆవులకు సూదే (కృత్రిమ గర్భధారణ) వేయించండి, వీర్యం ఉండే స్ట్రా మీది నంబరు రాసి పెట్టుకోండి.