టెక్ సందేహాలు: టెస్టులన్నీ పాసయ్యాయి, ఇక ఓకే చెప్పేయొచ్చా?

ప్రశ్న: ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఈమెయిల్ హెడర్లను (పంపినవారు, సబ్జెక్టు లాంటి వివరాలుండే పై వరుసలు) పార్స్ చేసే, అంటే చదివి విడదీసే పాత కోడ్‌ను మా సీనియర్ రీఫ్యాక్టర్ చేసి (పని మారకుండా తిరగరాసి) ఆ మార్పులను ప్యాచ్‌గా పంపారు. రివ్యూ నాకు అప్పగించారు. పెద్ద ఫంక్షన్‌ను చిన్న చిన్నవిగా విడగొట్టారు, చూడ్డానికి చక్కగా ఉంది. టెస్టులన్నీ పాసయ్యాయి. ఇంకా నేను చూడాల్సింది ఏముంటుంది? ఆయన రాసినదాన్ని వేలెత్తి చూపాలంటే టెన్షన్‌గానూ ఉంది.

జవాబు: కొత్త కోడ్ అందాన్ని కాసేపు పక్కన పెట్టి, ముందు తీసేసిన వరుసలు చదవండి. పాత పార్సర్‌లో అనవసరంగా కనిపించే ‘ఇఫ్’ చాలాసార్లు ఎవరి మెయిలో సరిగ్గా తెరుచుకోకపోతే పెట్టినదై ఉంటుంది. అదెప్పుడు, ఎందుకు వచ్చిందో గిట్ బ్లేమ్‌లో (ఏ వరుసను ఎవరు, ఎప్పుడు మార్చారో చూపే ఆదేశం) చూడండి. ఆ షరతు కొత్త కోడ్‌లో ఎక్కడుందో వెతకండి. కనిపించకపోతే అడగండి. రీఫ్యాక్టరింగ్ అన్నాక బయటికి కనిపించే ఫలితం మారకూడదు. మార్చాల్సిందే అనుకుంటే దానికి వేరే ప్యాచ్ పంపాలి. మార్పులు చూపే గిట్ డిఫ్‌కు ‘కలర్-మూవ్డ్’ ఆప్షన్ ఇస్తే కేవలం చోటు మారిన వరుసలు వేరే రంగులో వస్తాయి. మీ కళ్లకు సగం పని తగ్గుతుంది.

ఇక హెడర్ల సంగతి. వరుస 78 అక్షరాల లోపు ఉంటే మంచిదని, 998 దాటకూడదని ఈమెయిల్ ఎలా ఉండాలో నిర్దేశించే 2008 నాటి ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5322 చెబుతుంది. పొడవైన హెడర్‌ను విరిచి, తర్వాతి వరుసను స్పేస్‌తోనో ట్యాబ్‌తోనో మొదలుపెడతారు. తిరిగి కలిపేటప్పుడు లైన్ బ్రేక్ మాత్రమే పోవాలి, ఆ ఖాళీ ఉండాలి. కొత్త కోడ్ ప్రతి వరుసకూ స్ట్రిప్ కొట్టి (అంచుల్లోని ఖాళీలు తీసేసి) కలుపుతుంటే రెండు పదాలు అతుక్కుపోతాయి. కోలన్ దగ్గర విడగొట్టడం కూడా మొదటి కోలన్ వరకే. లేదంటే ‘రీ:’ అని మొదలయ్యే సబ్జెక్టులన్నీ తెగిపోతాయి.

అన్నిటికంటే నేను అనుమానంగా చూసేది, హెడర్లను తెచ్చి డిక్షనరీలో (ఒక పేరు కింద ఒకే విలువ దాచే నిర్మాణం) పడేసే మార్పును. కోడ్ సగానికి తగ్గుతుంది, చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ ‘రిసీవ్డ్’ హెడర్ ఒక్కో సర్వర్ దాటినప్పుడల్లా పైన ఒకటి చేరుతుంది. డిక్షనరీలో చివరికి ఒక్కటే మిగులుతుంది. ‘ఫ్రమ్’ ఒక్కటే ఉండాలన్నది నియమం. అయినా మోసగాళ్లు రెండు పెట్టి పంపుతారు. పాత కోడ్ మొదటిది తీసుకునేదనుకోండి, స్పామ్ ఫిల్టర్ కూడా మొదటిదే చూస్తుంది. కొత్త కోడ్ చివరిది తీసుకుంటే, ఫిల్టర్ తనిఖీ చేసిన పేరు ఒకటి, యూజర్‌కు కనిపించే పేరు ఇంకొకటి. మామూలు మెయిళ్లతో రాసిన టెస్టులు దీన్ని ఎప్పటికీ పట్టుకోలేవు. హెడర్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా లెక్కచేయకూడదన్న సంగతీ చూడండి.

చిరునామాల జాబితాను కామా దగ్గర విడగొడుతున్నారా? కోట్స్ లోపల పేరులోనూ కామా ఉండొచ్చు. ఇక్కడ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనాతో వెతికే సూత్రం) కనిపిస్తే ఆగి చదవండి. పైథాన్‌తో వచ్చే ఈమెయిల్ మాడ్యూలే ప్రత్యేక అక్షరాలున్న చిరునామాలను తప్పుగా చదివి, సీవీఈ-2023-27043 నంబరుతో భద్రతా లోపాల జాబితాకెక్కింది.

ఇంగ్లిష్ కాని అక్షరాలు హెడర్లో మామూలు ఇంగ్లిష్ అక్షరాల ముక్కలుగా ఎన్‌కోడ్ అయి వస్తాయి. వాటిని తిరిగి మార్చే డీకోడింగ్ ఏ దశలో జరుగుతోందో కూడా చూడాలి. ముందు చిరునామాలను విడదీసి, ఆ తర్వాతే పేర్లను డీకోడ్ చేయాలి. ఫంక్షన్లు విడగొట్టే హడావుడిలో ఈ క్రమం తలకిందులైతే, పేరులో దాచి పంపిన కామా, యాంగిల్ బ్రాకెట్లు బయటపడి అక్కడ లేని చిరునామా పుట్టుకొస్తుంది. మన లిపికి ఇంకో చిక్కు ఉంది. తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) 3 బైట్లు కావాలి. ఒక్కో ఎన్‌కోడెడ్ ముక్క 75 అక్షరాలు మించకూడదు, మధ్యలో అక్షరాన్ని చీల్చకూడదు. కొన్ని మెయిల్ ప్రోగ్రాములు చీలుస్తాయి. పాత కోడ్ బైట్లన్నీ కలిపాక డీకోడ్ చేస్తూ, కొత్తది ముక్కముక్కగా చేస్తుంటే తెలుగు సబ్జెక్టులో ప్రశ్నార్థకాలు తేలతాయి.

ఇవన్నీ కళ్లతోనే పట్టాలని లేదు. వంకరటింకర హెడర్లున్న మెయిళ్లు కొన్ని పోగుచేసి, పాత కోడ్, కొత్త కోడ్ రెండింటిలోనూ నడిపి ఫలితాలు పోల్చండి. నిజమైన మెయిళ్లయితే పేర్లు, చిరునామాలు మార్చకుండా రిపోలో (కోడ్ దాచే చోటు) పెట్టకండి. తేడా దొరికితే టెన్షన్ అక్కర్లేదు. ‘ఈ హెడర్‌కు పాతది ఇలా ఇచ్చేది, కొత్తది ఇలా ఇస్తోంది, కావాలనే మార్చారా?’ అని ఉదాహరణతో సహా రాయండి. ఆ హెడర్‌నే టెస్టుగా చేర్చమనండి. వేరియబుల్ పేర్ల మీద కామెంట్లు మాత్రం ఈసారికి వదిలేయండి.

ప్రశ్న: కొన్ని మెయిళ్లలో పంపినవారి పేరు బదులు ఈక్వల్, ప్రశ్నార్థకం గుర్తులతో మొదలయ్యే గజిబిజి కనిపిస్తోంది. నా ఫోన్‌లో ఫాంట్ లేకనా?

జవాబు: కాదు. ఫాంట్ లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి. మీకు కనిపిస్తున్నది 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 పద్ధతిలో ఎన్‌కోడ్ చేసిన పేరు. దాన్ని డబుల్ కోట్స్ మధ్య పెట్టకూడదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు పెట్టేస్తాయి. నియమం పాటించే మెయిల్ యాప్ అప్పుడు దాన్ని ఉన్నదున్నట్టే చూపిస్తుంది, ఉదారంగా ఉండే యాప్ డీకోడ్ చేసేస్తుంది. అదే మెయిల్‌ను వేరే యాప్‌లో తెరిచి చూడండి. అక్కడ బాగుంటే సరిచేయాల్సింది పంపినవాళ్ల వైపే.