క్లౌడా, ఇంట్లో కంప్యూటరా? ముందు ఇల్లు కుదరనీ

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎమ్మెస్‌కి డాలస్ వచ్చి నాలుగు నెలలైంది, ఫోటోలు, అక్క పెళ్లి వీడియోలు, సినిమాలు అన్నీ కలిపి 700 జీబీ ఉన్నాయి, క్లౌడ్‌కి (మన ఫైళ్లు ఇంటర్నెట్‌లో ఏదో కంపెనీ కంప్యూటర్లలో దాచుకోవడానికి) నెలనెలా డాలర్లు కట్టడం దండగనిపిస్తోంది, సీనియర్ ఒకాయన తన గేమింగ్ డెస్క్‌టాప్ 150 డాలర్లకు ఇస్తానంటున్నాడు, దాన్ని రూమ్‌లో ఆన్ చేసి ఉంచితే ఎక్కడినుంచైనా ఫోన్‌లో చూసుకోవచ్చా అని అడిగావు. చూసుకోవచ్చు. కానీ ఇప్పుడు కొనొద్దు. ఎందుకో తెలియాలంటే నేను 2012లో చేసిన పని వినాలి.

నేనూ డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో నలుగురం కలిసి ఉన్న డబుల్ బెడ్రూమ్ అపార్ట్‌మెంట్‌లోనే మొదలుపెట్టాను. అప్పుడు నాకూ నీలాగే అనిపించింది, ఒక్కసారి డబ్బు పెట్టి కంప్యూటర్ కొంటే ఇక జీవితాంతం ఫ్రీ అని. పాత డెస్క్‌టాప్ ఒకటి కొని మంచం కింద పెట్టి రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంచాను. అది ఏ పనీ చెయ్యకపోయినా 80 వాట్లు లాగుతుంది. లెక్క వెయ్యి: ఏడాదికి దాదాపు 700 యూనిట్లు, యూనిట్ 15 సెంట్లు అనుకున్నా 105 డాలర్లు. 2 టీబీ (అంటే దాదాపు 2,000 జీబీ) క్లౌడ్ ప్లాన్ ఏడాదికి 100 డాలర్లు ఉంటుంది. అంటే నువ్వు తప్పించుకుందామనుకున్న డబ్బు కరెంటు బిల్లులో కడుతున్నావన్నమాట! పైగా బిల్లు నలుగురం పంచుకునేవాళ్లం కాబట్టి నా కంప్యూటర్‌కి ముగ్గురు డబ్బు కట్టారు, వాళ్లు ఊరుకుంటారా?

ఊరుకోలేదు. 2014 డిసెంబర్‌లో చెల్లెలి పెళ్లికి ఖమ్మం వెళ్లాను, అదే ట్రిప్పులో హైదరాబాద్‌లో హెచ్-1బి స్టాంపింగ్ (పాస్‌పోర్ట్‌లో ఉద్యోగ వీసా వేయించుకోవడం) కూడా పెట్టుకున్నాను. క్లయింట్ లెటర్, పే స్లిప్పులు, టాక్స్ కాగితాలు అన్నీ స్కాన్ చేసి ఆ డెస్క్‌టాప్‌లోనే ఉంచాను, ఇండియానుంచే ఇంటర్నెట్ ద్వారా తీసుకోవచ్చులే అని. ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు చూస్తే కంప్యూటర్ అందడం లేదు. బిల్లు ఎక్కువొస్తోందని రూమ్మేట్ ప్లగ్గు పీకేసి, క్రిస్మస్ సెలవులకి వాళ్ల కజిన్ ఇంటికి వెళ్లిపోయాడు. అతని తప్పేం లేదు, అతని డబ్బులు కూడా డబ్బులే కదా. నేను అపాయింట్‌మెంట్ మార్చుకుని, తిరుగు టికెట్ మార్చుకుంటే 640 డాలర్లు పోయింది. అప్పట్లో డాలరు 63 రూపాయలు, అంటే నలభై వేలు. ఇంట్లో పందిరి వేసినవాళ్లకి, మేళానికి కలిపి అంత కాలేదు. (స్టాంపింగ్‌కి ఏ కాగితాలు కావాలో, ఇప్పుడు రూల్స్ ఏమిటో అధికారిక సైట్లలో ఉంటాయి, అక్కడే చూసుకో, అవి మారుతూనే ఉంటాయి.)

ఆ దెబ్బకి నేను రెండో వైపు పరిగెత్తాను. 2016లో పెళ్లయింది. ఇద్దరి ఫోన్లు, ఇద్దరి లాప్‌టాప్‌లు, ఎవరి క్లౌడ్ వాళ్లది. గూగుల్ ఫ్రీగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిల్ కూడా. ఐక్లౌడ్‌లో 5 జీబీ. అవి నిండగానే ఒకచోట 99 సెంట్లు, ఇంకోచోట 2.99, తర్వాత రెండు చోట్ల 9.99. విడివిడిగా చూస్తే ఏదీ కాఫీ ఖర్చు దాటదు కాబట్టి కార్డు స్టేట్‌మెంట్‌లో కళ్లు దాటిపోయేవి. నాలుగేళ్ల తర్వాత కూర్చుని కూడితే 1,150 డాలర్లు, అప్పటి రేటుకి 85 వేల రూపాయలు! మా నాన్నగారికి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ ఆ డబ్బుతో అయిపోయేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వచ్చిన కొత్తలో అందరూ డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకుంటారు, రెండేళ్లకి మానేస్తారు. నేను మానలేదు, అందుకే 2020లో డాలస్ దగ్గరే ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కోగలిగాను.

సొంతింట్లోకి వచ్చాకే మళ్లీ ఇంటి కంప్యూటర్ పెట్టాను. అప్పుడు కూడా తొందరపడ్డాను. ఉన్న డేటా అంతా ఒకే హార్డ్ డిస్క్‌లోకి దించి క్లౌడ్ ప్లాన్లు ఆపేశాను. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టి కరెంటు పోయింది చూడు, నువ్వు వినే ఉంటావు, మా వీధిలో వస్తూ పోతూ రెండు రోజులు. తర్వాత ఆ డిస్క్ మరి తిరగలేదు. మా బాబు మొదటి పుట్టినరోజు వీడియోలు అందులో ఉన్నాయి. మా అమ్మకి వాట్సాప్‌లో పంపిన చిన్న సైజువి కొన్ని మాత్రం ఆమె ఫోన్‌లో మిగిలాయి.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది చిన్న మినీ పీసీ, టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. డిస్కులతో కలిపినా 15 వాట్లు, ఏడాదికి 20 డాలర్ల కరెంటు. దానికి 4 టీబీ డిస్కులు రెండు, ఒకదాంట్లో ఉన్నది రోజూ రెండోదానిలోకి కాపీ అవుతుంది. అందులోని వీడియోలు ఫోన్‌లో, టీవీలో చూపించే జెల్లీఫిన్ అనే ప్రోగ్రామ్ వేశాను, అది పూర్తిగా ఉచితం. అలాంటిదే ప్లెక్స్ కూడా బాగుంటుంది కానీ ఇంటి బయటినుంచి వీడియో చూడాలంటే 2025 ఏప్రిల్ 29 నుంచి డబ్బు కట్టాలి. బయటినుంచి చూడటానికి రౌటర్‌లో పోర్టులు (బయటివాళ్లు లోపలికొచ్చే దారులు) తెరవకు, నీ పరికరాల్ని మాత్రమే భద్రంగా కలిపే టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రామ్ పెట్టుకో, మా నాన్నగారి టీవీ బాక్సుకి కూడా అదే పెట్టాను. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకి మేం అన్నాలు తింటుంటే అక్కడ పొద్దున్న ఏడింటికి ఆయన కాఫీ తాగుతూ మనవడి స్విమ్మింగ్ వీడియోలు చూస్తారు.

మరి ఇది చవకా అంటే, నిజం చెప్తాను. మినీ పీసీకి 180, డిస్కులకి 200, ఐదేళ్ల కరెంటుకి 100, మొత్తం 480. 2 టీబీ క్లౌడ్‌కి ఐదేళ్లకి 500. ఇరవై డాలర్ల తేడా కోసం ఎవరూ ఈ తలనొప్పి పెట్టుకోనక్కర్లేదు. డేటా 2 టీబీ దాటితేనే ఇంటి కంప్యూటర్ గిట్టుబాటు. నీది 700 జీబీ.

ఇంకో సంగతి అప్‌లోడ్ స్పీడు, అంటే ఇంట్లోంచి బయటికి డేటా పంపే వేగం. కేబుల్ ఇంటర్నెట్ అమ్మేటప్పుడు 300, 500 ఎంబీపీఎస్ (సెకనుకి ఇన్ని మెగాబిట్లు) అని చెప్పేది డౌన్‌లోడ్, అప్‌లోడ్ కొన్ని ప్లాన్లలో పదో ఇరవయ్యో మాత్రమే ఉంటుంది. నువ్వు కాలేజీలో కూర్చుని రూమ్‌లో ఉన్న వీడియో చూడాలంటే పనికొచ్చేది ఆ పది. మంచి క్వాలిటీ వీడియో ఒక్కటే 8 లాగేస్తే మీ రూమ్మేట్ల జూమ్ కాల్స్ ఏమవుతాయి? క్లౌడ్‌కీ ఇదే తంటా, 10 ఎంబీపీఎస్‌లో 1 టీబీ ఎక్కించడానికి తొమ్మిది రోజులు దాటుతుంది. కొన్ని ప్లాన్లలో నెలకి ఇంత డేటా అని పరిమితి ఉంటుంది, దాటితే ఎక్స్‌ట్రా డబ్బు, సంతకం పెట్టేముందే అడుగు.

నీకు నా మాట ఇది. సినిమాలు లెక్కలోంచి తీసెయ్, అవి ఎలాగూ ఓటీటీల్లో దొరుకుతాయి. ఇక నీ సొంతానివి, మళ్లీ దొరకనివి ఎంత ఉన్నాయో చూడు, 80 జీబీ కూడా ఉండవు. 100 జీబీ ప్లాన్ ఏడాదికి 20 డాలర్లు, అది కట్టు, పాస్‌పోర్ట్, ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చిన పత్రం), మార్కుల కాగితాలు కూడా అందులోనే పెట్టు. మీ నాన్నగారి ఇండియా ప్లాన్‌లో చేరదామని చూడకు, గూగుల్ ఫ్యామిలీ గ్రూపులో అందరూ ఒకే దేశంలో ఉండాలి. మిగతాది ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో వేసుకో, ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఇంకో కాపీ బీరువాలో పెట్టి రా. బ్యాకప్ కోడ్‌లు (ఫోన్‌కి కోడ్ రాకపోయినా అకౌంట్‌లోకి లాగిన్ అవ్వడానికి ముందే ఇచ్చే అంకెలు) ప్రింట్ తీసుకుని పర్సులో ఉంచుకో. 2018లో ఖమ్మంలో నా ఫోన్ పాడైతే కొత్త ఫోన్‌లో లాగిన్ కోడ్ నా అమెరికా నంబర్‌కి వెళ్లింది, రోమింగ్‌కి పది డాలర్లెందుకని నేను ఆ సిమ్ ఆపేసి ఉంచాను. ఆ మూడు వారాలూ ఒక్క ఫైలూ తెరుచుకోలేదు.

ఆ సీనియర్‌కి ఇంకా 150 పంపలేదని రాశావు, పంపకు. నా మాట మీద నమ్మకం లేకపోతే, ప్లగ్గుకి తగిలించి వాట్లు చూసే మీటర్ కొన్ని పబ్లిక్ లైబ్రరీల్లో పుస్తకాల్లాగే అరువిస్తారు, మీ ఊరి లైబ్రరీలో అడుగు. ఒక రాత్రి ఆయన డెస్క్‌టాప్‌కి తగిలించి పొద్దున్న అంకె చూసి, మీ రూమ్మేట్లకి కూడా చూపించి, అప్పుడు నాకు రాయి.