గొయ్యి నిండింది, గెత్తం ఎప్పుడు?

ప్రశ్న: మాది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. ఇంట్లో ఐదుగురం. మరుగుదొడ్డికి వరలు దింపి రెండు గోతులు కట్టించాం. ఇప్పుడు మొదటిది నిండింది. అందులోది తీసి కొబ్బరి చెట్లకు గెత్తంగా, అంటే ఎరువుగా, వెయ్యొచ్చంటున్నారు. నిజమేనా? ఎప్పుడు తియ్యాలి?

జవాబు: వెయ్యొచ్చు. అయితే ముందు గోతులకు గొట్టాలు ఎలా వేశారో చూడండి. దొడ్డి నుంచి రెండింటికీ విడివిడిగా వెళ్లాయా, లేక మొదటిది పొర్లితే రెండోదానిలోకి పోయేలా కలిపారా? మేస్త్రీలు తరచూ చేసే తప్పు ఇదే. అలా కలిపితే గోతులు రెండైనా లెక్కకు ఒకటే. మొదటిదానిలో రోజూ పచ్చిమలం పడుతూనే ఉంటుంది కాబట్టి ఎన్నేళ్లు ఆగినా అది గెత్తం కాదు. దాన్ని కూలీల చేత ఎత్తించాలని మాత్రం చూడకండి. ప్రాణాలకు ముప్పు, మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

మరమ్మతు పెద్ద పనేం కాదు. దొడ్డికీ గోతులకీ మధ్య మూత తీసి చూసేలా చిన్న ఇటుక పెట్టె కట్టించి, అక్కడి నుంచి ఒక్కో గోతికి ఒక్కో 4 అంగుళాల గొట్టం వేయించండి. మీటరుకు 6–7 సెంటీమీటర్ల వాలు ఉండాలి. గొట్టం చివర గొయ్యిలోకి 10 సెంటీమీటర్లు రావాలి, లేకపోతే నీళ్లు గోడ వెంట జారి వరల సందుల్ని కోస్తాయి. గోతుల మధ్య ఉన్న పాత గొట్టాన్ని మూసేయండి. పెట్టెలో నిండిన గోతి వైపు నోటికి ఇటుకముక్క అడ్డం పెట్టి బంకమట్టితో మెత్తండి. సిమెంటు వద్దు, మళ్లీ దారి మార్చే రోజున పలుగు పట్టుకోవాల్సి వస్తుంది.

ఆ మూసిన రోజును గోడ మీద రాసిపెట్టుకోండి. లెక్క అక్కడి నుంచే. కనీసం ఏడాది ఆగాలి, ఏడాదిన్నర ఆగితే ఇంకా మంచిది. వాసన ముందే పోతుంది, కానీ ఏలికపాము గుడ్లు అంత తొందరగా చావవు. తొందరపడి తీసినవాళ్ల పిల్లల కడుపులోకి చేరేవి అవే. ఈలోగా రెండో గొయ్యి నిండిపోతుందేమో అని భయం అక్కర్లేదు. నీరు ఇంకిపోగా మనిషికి ఏడాదికి మిగిలేది 40–45 లీటర్లే. మీటరు వెడల్పు, గొట్టం దిగువన మీటరు లోతు ఉంటే దాదాపు 785 లీటర్లు పడతాయి. ఐదుగురికి మూడున్నరేళ్లు వస్తుంది. ఏడాదిలోపే నిండిందంటే అడుగున కాంక్రీటు పోశారనో, వరల సందులు సిమెంటుతో పూడ్చారనో అనుకోవాలి.

మీది ఇసుక నేల. వానాకాలంలో నుయ్యిలో నీళ్లు పైకొచ్చే చోటైతే గోతిని నేలమట్టానికి ఎత్తుగా కట్టుకోవాలి. గోతి అడుగుకీ నీటిమట్టానికీ మధ్య 2 మీటర్లు ఉండాలి. నూతికి, బోరుకు కనీసం 10 మీటర్ల దూరం పాటించండి.

తీసేటప్పుడు ఎండాకాలం చూసుకోండి. మూత తీసి ఒక రోజు వదిలేయండి. నల్లగా, పొడిపొడిగా, మట్టివాసనతో ఉంటే సిద్ధమైనట్టే. ముద్దగా ఉన్నా, కంపు కొట్టినా మూసేసి ఇంకో ఆర్నెల్లు ఆగండి. చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు తప్పవు. చెట్టు మొదలు నుంచి చుట్టూ 1.8 మీటర్ల దూరం వరకు పళ్లెం చేసి, అందులో చల్లి మట్టి కప్పండి. ఆకుకూరలకు, ముల్లంగికి వద్దు. ఒక సంగతి: మూత్రంలోని పొటాష్ చాలావరకు నీటితో ఇంకిపోతుంది. కొబ్బరికి కావలసింది ముఖ్యంగా అదే. కాబట్టి ఈ గెత్తం వేశాం కదా అని పొటాష్ మానకండి. కొబ్బరి డొక్కల బూడిద ఉంటే అదీ వెయ్యండి.

ప్రశ్న: గజపతినగరం దగ్గర మాకు 2 ఘనపు మీటర్ల గోబర్‌గ్యాస్ ఉంది. ఇప్పుడు రెండు గేదెలే మిగిలాయి, గ్యాస్ చాలడం లేదు. మరుగుదొడ్డి కలిపితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఆ ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ కావాలి. రెండు గేదెలకు 30 కిలోలకు మించి రాదు. కిలోకు 40 లీటర్ల లెక్కన 1.2 ఘనపు మీటర్లు, అంటే ఐదుగురి వంటకు బొటాబొటిగా వస్తుంది. మలంతో మనిషికి రోజుకు వచ్చేది దాదాపు ఒక ఘనపు అడుగు. ఇంటిల్లిపాదిదీ కలిపినా ఒక మనిషి పూట వంటకు అటూఇటూ. పైగా అప్పటినుంచి బయటికొచ్చే స్లర్రీని కూరమళ్లకు వాడలేరు. ప్లాంటులో సరుకు 30–40 రోజులే ఉంటుంది, ఏలికపాము గుడ్లకు అది చాలదు.

దానికన్నా పేడకు సమంగా నీళ్లు కలిపి, గడ్డిపరకలు ఏరేసి పోయండి. గంజి, మిగిలిన అన్నం రోజుకు కిలోతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. ఒక్కసారి ఎక్కువ పోస్తే పులిసి మంట ఆరిపోతుంది. అలా అయితే నాలుగు రోజులు ప్లాంటులో ఏమీ పోయకుండా ఆపి, తర్వాత పేడ మాత్రమే పోయండి.

ప్రశ్న: గోతుల దొడ్డిలో ఫినాయిలు పోయొచ్చా? స్నానాల నీళ్లు అందులోకే వదలొచ్చా?

జవాబు: రెండూ వద్దు. ఫినాయిలు, యాసిడ్ మలాన్ని మట్టిగా మార్చే సూక్ష్మజీవుల్నే చంపుతాయి. బేసినుకు బ్రష్షు, కాస్త సబ్బుపొడి చాలు. స్నానాల నీళ్లు అరటి పాదుకు మళ్లించండి.