పొలం లెక్కల సర్వర్ పెట్టేముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

చేవెళ్ల పొలం లెక్కలు ఫార్మ్‌ఓఎస్‌లో (పొలం పద్దులు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించి, సర్వర్ హైదరాబాద్ ఇంట్లోనే పెడతానన్నావు, మంచిదే. కొత్త మెషీన్ కొనకు. 4 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. కరెంటు పోతే దాని బ్యాటరీయే ఆదుకుంటుంది, రౌటర్‌కు మాత్రం చిన్న యూపీఎస్ కావాలి. మూత వేస్తే నిద్రపోకుండా సెట్టింగ్ మార్చు.

ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వేసి, దాని మీద డాకర్ కంపోజ్‌తో రెండు కంటైనర్లు (ఒక్కో ప్రోగ్రాంను విడిగా నడిపే డబ్బాల్లాంటివి) నడుపు: ఒకటి ఫార్మ్‌ఓఎస్, ఇంకోటి దాని డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. కంపోజ్ ఫైల్లో (ఏ కంటైనర్లు ఎలా నడవాలో రాసే ఫైలు) వాటి పేర్ల పక్కన 'లేటెస్ట్' ట్యాగ్ వద్దు, వెర్షన్ నంబరు రాయి, లేకపోతే తెలియకుండానే కొత్త వెర్షన్ వచ్చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ 15 రాసిన డేటా ఫోల్డర్‌ను 16 తెరవదు. ఇన్‌స్టాల్‌లో చాలామంది ఇరుక్కునేది డేటాబేస్ హోస్ట్ (డేటాబేస్ ఎక్కడుందో చెప్పే గడి) దగ్గర. అక్కడ లోకల్‌హోస్ట్ ('ఇక్కడే' అని అర్థం) అని ఉంచితే కంటైనర్ డేటాబేస్‌ను తనలోనే వెతుక్కుంటుంది. కంపోజ్ ఫైల్లో డేటాబేస్ సర్వీసుకు పెట్టిన పేరు, మామూలుగా 'డీబీ', రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యం బ్యాకప్. పద్దులు పోస్ట్‌గ్రెస్‌లో, ఫోటోలు, సెట్టింగ్స్ ఫైలు ఫార్మ్‌ఓఎస్ సైట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. రెండింటినీ కంటైనర్ బయట డిస్క్ మీది ఫోల్డర్లకు కలపకపోతే (దీన్నే మౌంట్ అంటారు), కంటైనర్ తీసి మళ్లీ పెట్టినప్పుడు సైట్ ఖాళీగా మొదలవుతుంది. నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ ఫోల్డర్‌ను కాపీ చెయ్యకు, అది సగం రాసిన స్థితిలో దొరకొచ్చు. రోజూ రాత్రి పీజీ డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా తీసే పోస్ట్‌గ్రెస్ కమాండ్) తీసి, సైట్స్ ఫోల్డర్‌తో కలిపి పెన్‌డ్రైవ్‌కు ఒక కాపీ, ఊళ్లో ఇంటికి ఒక కాపీ పంపు.

పొలం నుంచి చూడాలంటే రౌటర్‌లో పోర్ట్ (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరవకు. చాలా ఇంటి కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో నేరుగా చేరే చిరునామా) ఉండదు, తెరిచినా పని చెయ్యదు. ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో టెయిల్‌స్కేల్ (మన పరికరాలను మాత్రమే కలిపే ప్రైవేటు నెట్‌వర్క్ యాప్) వేసుకో. హెచ్‌టీటీపీఎస్ (సైట్‌కు సురక్షితమైన కనెక్షన్) కూడా దానితోనే పెట్టుకో, అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ మనం నిలబడ్డ చోటు చూపించదు. అప్పుడు టెయిల్‌స్కేల్ మధ్యలో ఉండి పేజీలు అందిస్తుంది (దీన్ని రివర్స్ ప్రాక్సీ అంటారు), కాబట్టి ఫార్మ్‌ఓఎస్ సెట్టింగ్స్ ఫైల్లో రివర్స్ ప్రాక్సీ వరుసలు కూడా చేర్చాలి.

ఫార్మ్‌ఓఎస్ తెరిచాక ముందు మడులన్నీ 'ల్యాండ్' అనే రకం కింద మ్యాపులో గీసి, తర్వాతే పంటలు చేర్చు. కొలతల పేర్లు మొదట్లోనే ఖాయం చెయ్యి. ఒకచోట 'కిలో', ఒకచోట 'కేజీ' అని రాస్తే అవి రెండు కొలతలైపోతాయి, దిగుబడి మొత్తం కలవదు. 40 గుంటలు ఎకరమన్న సంగతి ఫార్మ్‌ఓఎస్‌కు తెలియదు, విస్తీర్ణం ఎకరాల్లోనే రాయి.

యాసంగి నాట్లకు ముందే ఆ బ్యాకప్‌ను ఇంకో మెషీన్‌లో ఎక్కించి చూడు. పాత పద్దులో ఫోటో తెరుచుకుందో లేదో ఫోన్ చేసి చెప్పు.

మీ పెదనాన్న